పోలాండు జీవరత్నం సెలవు

నంద్యాలలో జీవరత్నాలు ముగ్గురున్నారు. ఒకాయన హోమియోపతి డాక్టరు, ఒకాయన విత్తనాల షాపు. మూడో ఆయన్ను జనం ఇంటిపేరుతో గుర్తుపట్టరు, దేశం పేరుతో గుర్తుపడతారు. నంద్యాలలో నలభై నాలుగేళ్లు బతికినా రాని గౌరవం ఆయనకు పోలాండులో రెండేళ్ల మూడు నెలలు ఉన్నందుకు వచ్చింది. "పోలాండు జీవరత్నం ఇల్లెక్కడ?" అంటే సంజీవనగర్‌లో చిన్నపిల్లలు కూడా చూపిస్తారు. ఆ ఇంట్లో ఆయన ముప్ఫై అయిదు రోజుల సెలవు మీద ఉంటున్నాడు. ఇది నేను రాసేనాటికి ఆ సెలవు పదకొండో నెలలో పడింది.

ఆయన పని సమాధిరాళ్ల మీద పేర్లు చెక్కడం. ఆళ్లగడ్డ దేవుళ్లను చెక్కే ఊరని అందరికీ తెలుసు. ఆ శిల్పుల కొట్లన్నీ దాటి హైవే వైపు వస్తే, మనుషుల కోసం పనిచేసే రేకుల షెడ్డు ఒకటి కనిపిస్తుంది. అది మాబు సాహెబ్‌ది. ముసల్మానుల గోరీలకు ఉర్దూ రాత మాబు సాహెబ్ చెక్కేవాడు. క్రైస్తవుల సమాధులకు సిలువ, కింద "ప్రభువునందు నిద్రించినారు" అన్న మాట జీవరత్నం చెక్కేవాడు. నంద్యాల నుంచి పొద్దున్నే బస్సెక్కి పోయి, సాయంత్రం ఒళ్లంతా రాతిపొడితో తిరిగి వచ్చేవాడు. పదహారేళ్లు అట్లా గడిచాయి. ఆ వ్యాపారంలో ఒక సుఖం ఉంది. సరుకు బాగాలేదని దాని కింద పడుకున్నవాడు ఎవడూ లేచి రాడు.

అట్లాంటి సుఖానికి రాజస్థాన్ నుంచి వచ్చిన మిషన్లు అడ్డుపడ్డాయి. కంప్యూటర్‌లో పేరు కొడితే మిషనే రాయిని తొలిచేస్తుంది. జీవరత్నం రెండు రోజులు కూర్చుని చేసే పనిని అది టీ తాగి వచ్చేలోపు ముగించేది. మిషన్లతోపాటు వాటిని నడిపే మనుషులు కూడా వచ్చారు. ఆళ్లగడ్డ రాతిపనివాళ్ల సంఘం మీటింగు పెట్టింది. సంఘం అధ్యక్షుడు గురుస్వామి మెత్తని మనిషి, మైకు ముందు నసుగుతాడు. ఆ రోజు మైకు అందుకున్నది జీవరత్నం.

"మన ఊరు, మన రాయి, మన పని. యాడాడి నుంచో వచ్చినోళ్లు మన కడుపు కొడ్తాంటే చూస్తా కూచుందామా? పంపిచ్చేయాల ఒక్కొక్కణ్ణి!" అన్నాడు.

చప్పట్లు అంతర్జాతీయ స్థాయిలో మోగాయి. తీర్మానం కూడా రాశారు. ఇది జరిగిన నాలుగు నెలలకు, బయటివాళ్లు వచ్చి పని లాక్కోవడం అన్యాయమని గట్టిగా నమ్మిన జీవరత్నం, పని వెతుక్కుంటూ బయటి దేశానికి బయలుదేరాడు.

ఆయన్ను పంపింది మొయినుద్దీన్. నంద్యాల బస్టాండు దగ్గర చెప్పుల షాపు పైన అతని కన్సల్టెన్సీ. బోర్డు మీద తొమ్మిది దేశాల జెండాలు వేయించాడు. పోలాండు జెండా పైన తెలుపు, కింద ఎరుపు. పెయింటరు తలకిందులు వేశాడు. అట్లా వేస్తే అది ఇండోనేషియా అవుతుందని తర్వాతెప్పుడో ఎవరో చెప్పారు. "జెండాదేముందన్నా, వీసా కరెక్టుగా ఉంటే చాలు" అన్నాడు మొయినుద్దీన్. అప్పటికి వీసా కరెక్టుగానే ఉంది మరి.

పోలాండులో గ్రానైటు గనులున్న ఒక చిన్న ఊళ్లో, సమాధిరాళ్లు చేసే యార్డులో జీవరత్నానికి పని దొరికింది. అక్కడా మిషన్లున్నాయి. కానీ ఆ దేశంలో ఒక ఆచారం ఉంది. భర్త పోతే సమాధి మీద ఆయన పేరు చెక్కి, పక్కనే బతికున్న భార్య పేరు, పుట్టిన సంవత్సరం కూడా చెక్కేస్తారు. చనిపోయే సంవత్సరం కోసం ఖాళీ వదిలిపెడతారు. ఆమె కాలం తీరాక ఆ ఖాళీ పూరించాలి. పాతిన రాయిని పెకలించి మిషన్ దగ్గరికి తీసుకురాలేరు కదా, ఉలి పట్టిన మనిషే శ్మశానానికి పోవాలి. పాత రాత పక్కన కొత్త రాత తేడా తెలియకుండా చెక్కాలి. అది జీవరత్నం పని.

ఈ సంగతి ఆయన ఫోనులో చెబితే భార్య ప్రసన్నకుమారి నోరు తెరిచింది.

"బతికున్న మనిషి పేరు రాసి పెడ్తారా? ఆయమ్మ ఆదివారం ఆదివారం పోయి చదువుకోవాలనా?"

"పూలు పెట్టేకి పోతాది మే. రాయి తుడుస్తాది. తన పేరు గూడా తుడుచుకుంటాది."

"దేవుడా! మా అంగన్‌వాడీలో పుట్టినాకనే పేరు రాస్తాం, అంతే."

భాష రాకపోవడమే జీవరత్నానికి మేలు చేసింది. పోలిష్ అక్షరాలు చూడటానికి ఇంగ్లీషులాగే ఉంటాయి గానీ కొన్నింటికి కింద తోక, కొన్నింటికి పైన చుక్క, ఒకదానికి నడుం మీద గీత ఉంటాయి. అక్కడి కుర్రపనివాళ్లు తొందరలో తోకలు, చుక్కలు మరిచేవారు. ఒత్తు పోతే మాట ఏమవుతుందో తెలుగువాడికి ఎవరూ నేర్పనక్కర్లేదు. రెండేళ్లలో జీవరత్నం ఒక్క తోక, ఒక్క చుక్క వదల్లేదు. పేరు చదవలేడు, పలకలేడు, తప్పు మాత్రం చేయడు. యార్డు యజమాని కొత్తవాళ్లకు ఆయన్ను చూపించి, ఈయనకు మన భాష ఒక్క ముక్క రాదు, చూసి సిగ్గుపడండి అనేవాడట. దీన్ని జీవరత్నం తన జీవితంలో అందుకున్న పెద్ద సన్మానంగా చెప్పుకుంటాడు.

ఆ సంగతి ఆయనకు ఇంగ్లీషులోకి మార్చి చెప్పినవాడు ఫోర్‌మాన్ జ్బిగ్నియెవ్. అంత పేరు నోరు తిరగక జీవరత్నం "జిబ్బన్నా" అని పిలిచేవాడు. జిబ్బన్న పదకొండేళ్లు ఇంగ్లండులో ఉండి వచ్చాడు. అక్కడ బాత్రూములకు టైల్సు పరిచేవాడు. సొంత వ్యాను, తెలిసిన గిరాకీ, కూతురికి బడి, అన్నీ కుదిరాక ఒకనాడు ఆ దేశం ఓటు వేసి యూరప్‌తో తెగతెంపులు చేసుకుంది. మర్నాడు పొద్దున జిబ్బన్న ఒక ముసలావిడ ఇంట్లో పనిలో ఉన్నాడు. ఆమె టీ ఇచ్చి, తాను కూడా పంపించేయమనే ఓటు వేశానని చెప్పింది. అతని ముఖం చూసి, "నువ్వు కాదు నాయనా, వేరేవాళ్లు" అంది.

"వేరేవాళ్లు ఎవరని అడిగాను. ఆమెకు తెలియదు" అన్నాడు జిబ్బన్న. ఇది చెప్పేటప్పుడు అతని చెవులు ఎర్రబడేవి. "పదకొండేళ్లు పన్నులు కట్టాను. ఉండటానికి మళ్లీ దరఖాస్తు పెట్టుకోవాలట! ఎన్నాళ్లుంటానో నాకే తెలియకుండా ఎట్లా బతకాలి? బడిలో నా కూతుర్ని ఎప్పుడు పోతున్నారని అడిగారు. ఏడేళ్ల పిల్లని!"

రెండేళ్లు ఆ కాగితాలకూ ఈ కాగితాలకూ తిరిగి, విసుగెత్తి, వ్యాను అమ్మేసి సొంత ఊరు చేరాడు. ఆ బాధ జీవరత్నానికి బాగా అర్థమైంది. ఇద్దరూ మధ్యాహ్నం రొట్టె తినేటప్పుడు ఇంగ్లండును కలిసి తిట్టుకునేవారు. జీవరత్నానికి ఇంగ్లండుతో వేరే పాత లెక్కలు ఉండనే ఉన్నాయి.

తర్వాత పోలాండులోనే ఎన్నికలు వచ్చాయి. కొత్త పార్టీవాళ్లు గోడల నిండా పోస్టర్లు అంటించారు. జీవరత్నం ఫోను కెమెరా పెట్టి ఒకదాన్ని తర్జుమా చేయించాడు. "మన దేశం, మన ఉద్యోగం" అని వచ్చింది. ఫోను తన పాత ఉపన్యాసాన్ని ఎక్కడ పట్టుకుందా అని ఒక క్షణం ఉలిక్కిపడ్డాడు.

"ఎవురికి వేస్తావన్నా ఓటు?" అని జిబ్బన్నను అడిగాడు.

జిబ్బన్న పోస్టరు వైపు గడ్డం చూపించాడు.

"అన్నా, వాళ్లు మమ్మల్ని పంపిచ్చేస్తామంటాండారు."

"నువ్వు కాదు జీవా. నువ్వు మంచి పనివాడివి. వేరేవాళ్లు" అన్నాడు జిబ్బన్న, ఆప్యాయంగా భుజం మీద చెయ్యి వేసి. వేరేవాళ్లు పక్క యార్డులో ఉంటారన్నాడు. పక్క యార్డులో కొలంబియా నుంచి వచ్చిన పనివాళ్లున్నారు. వాళ్ల ఫోర్‌మాన్ కూడా వాళ్లకు ఇదే మాట చెప్పి, ఈ యార్డు వైపు చూపించాడని జీవరత్నానికి ఆ వారంలోనే తెలిసింది.

సరిగ్గా అప్పుడే నంద్యాలలో ఆయన తండ్రి శాంతయ్య పోయాడు. నలభై ఏళ్లు చర్చిలో గంట కొట్టిన మనిషి. ఊరంతటికీ సమాధిరాళ్లు చెక్కిన కొడుకు తండ్రిని రాయి లేకుండా ఎట్లా వదిలేస్తాడు? యజమాని ముప్ఫై అయిదు రోజులు సెలవిచ్చాడు. చిక్కల్లా కార్డుతో వచ్చింది. ఆ దేశంలో ఉండనిచ్చే కార్డు గడువు తీరిపోయింది. కొత్తదానికి దరఖాస్తు పెట్టి ఉన్నాడు, పెట్టినట్టు పాస్‌పోర్టులో స్టాంపు వేశారు. బయలుదేరే ముందు మొయినుద్దీన్‌కు ఫోను చేశాడు.

"స్టాంపు ఉంది కదన్నా! స్టాంపుంటే రాజా మాదిరి రావచ్చు, రాజా మాదిరి పోవచ్చు" అన్నాడు మొయినుద్దీన్.

సగం నిజమే చెప్పాడు. రాజా మాదిరి రావచ్చు. పోయేవాణ్ణి ఏ దేశమూ ఆపదు. ఆ స్టాంపు దేశంలో ఉండటానికే గానీ, బయటికి పోయి మళ్లీ లోపలికి రావడానికి పనికిరాదని, తిరిగి పోవాలంటే మొదటి నుంచి వీసా తీసుకోవాలని జీవరత్నానికి నంద్యాల వచ్చిన మూడో వారం తెలిసింది. అదే వారం పోలాండులో ప్రభుత్వం మారింది. బయటివాళ్ల కాగితాలన్నీ మళ్లీ తిరగేస్తామని కొత్తవాళ్లు ప్రకటించారు.

ఇక నంద్యాల మేధావులకు చేతినిండా పని దొరికింది. అప్పటిదాకా పోలాండు ఏ దిక్కున ఉందో అడగని ఊరు దాని పార్లమెంటు గురించి మాట్లాడసాగింది. రిటైర్డు సోషల్ మాస్టారు స్టీఫెన్ ఇంటికొచ్చి గంటసేపు పరిస్థితి వివరించాడు. ఆ దేశం సముద్రమట్టానికి దిగువన ఉందని, అందుకే గాలిమరలు పెట్టుకున్నారని, అట్లాంటి చోట జాగా తక్కువ కాబట్టి బయటివాళ్లను రానివ్వకపోవడం సహజమని చెప్పాడు. అది హాలెండు అని జీవరత్నం మెల్లగా అన్నాడు. "రెండూ ఒకటే ఖండం కదప్పా" అని మాస్టారు రెండో కాఫీ అడిగాడు. ఆదివారం ఆరాధనలో పాస్టరుగారు "పోలాండు రాష్ట్ర అధికారుల హృదయములను మెత్తబరచుము తండ్రీ" అని ప్రార్థించారు. సంఘమంతా ఆమేన్ అంది.

ప్రసన్నకుమారి మాత్రం ఆమేన్ అన్నాక ఇంటికొచ్చి సూటిగా అడిగింది. ఆమె గోస్పాడు మండలంలో అంగన్‌వాడీ టీచరు. ప్రభుత్వాలు మారడం ఆమెకు కొత్తకాదు.

"గవర్మెంటు మారితే మాకు సంచీ మీద బొమ్మ మారుతాది. లోపల గుడ్లు అవే. నీకు ఏం మారుతాదో ఎవురినన్నా అడిగినావా?"

"ఎవురిని అడిగేది మే? ఆడుండేటోళ్లకే తెలీదు. కాగితాలు చూస్తామంటాండారు, ఏ కాగితాలో చెప్పడంల్యా."

"తెలీకుండానే పంపిచ్చేస్తారా?"

"పంపిచ్చేదేముంది, నేను ఈడనే ఉండా కదా. రానీకుంటే సరిపాయె."

హైదరాబాద్‌లో వీసా దరఖాస్తులు తీసుకునే ఆఫీసులో తేదీ దొరకడానికి రెండు నెలలు పట్టింది. జీవరత్నం పెళ్లినాటి కోటు వేసుకుని బస్సెక్కాడు. కౌంటరు వెనుక అమ్మాయి కాగితాలు తిరగేసింది.

"మీరు పోలాండులో ఉద్యోగం చేస్తున్నారా?"

"అవునమ్మా."

"మరి ఇక్కడెందుకున్నారు?"

"మా నాయన చనిపోతే వచ్చినా."

"తిరిగి వెళ్లడానికి కారణం?"

"ఆడ ఉద్యోగం ఉంది కదమ్మా."

"ఉద్యోగం అయిపోయాక ఇండియాకు తిరిగి వస్తారని ఆధారం ఏముంది?"

"ఇప్పుడు వచ్చినా కదమ్మా. రాబట్టే కదా ఇబ్బంది."

ఆ అమ్మాయి నవ్వు ఆపుకుని, ఆ మాట రాయడానికి ఫారంలో గడి లేదని చెప్పింది. కాగితాలు తీసుకుని రసీదు ఇచ్చింది.

ఎదురుచూడటం కూడా ఒక ఉద్యోగమే, జీతం ఉండదు అంతే. దరఖాస్తు ఏ దశలో ఉందో ఫోనులో చూడొచ్చు. పొద్దున చూస్తే "పరిశీలనలో ఉంది" అనేది. మధ్యాహ్నం చూస్తే అదే మాట. వీధిలో ఎదురుపడినవాళ్లు "ఎప్పుడప్పా పోవడం?" అనేవారు. రెండో నెలకు "ఇంకా పోలేదా?" అయింది. నాలుగో నెలకు అడగడం మానేసి, అదోరకంగా తల ఊపి పోయేవారు. అడగడం కంటే ఈ తల ఊపడం జీవరత్నానికి ఎక్కువ గుచ్చుకునేది. వీధి తప్పించుకోవడానికి ఆయన మళ్లీ ఆళ్లగడ్డ బస్సెక్కడం మొదలుపెట్టాడు.

షెడ్డులో తన పాత చోట ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. పక్కన మిషను. మాబు సాహెబ్ కాస్త ఇబ్బందిగా పరిచయం చేశాడు.

"భన్వర్‌లాల్. రాజస్థాన్. నువ్వు పోయినాక ఏం జేసేది రత్నం? నా చేతులు వణుకుతాండాయి. మిషను పెట్టించినా."

"మంచి పని చేసినావులే మాబన్నా" అన్నాడు జీవరత్నం. మంచి పని అని ఆయన అనుకోలేదు. కానీ భన్వర్‌లాల్ లేచి తాను కూర్చున్న పీటను తుడిచి ఆయనకు వేసి, తాను నేల మీద కూర్చున్నాడు. అట్లా చేసినవాణ్ణి తిట్టాలంటే చాలా శ్రమపడాలి.

భన్వర్‌లాల్ మిషనుకు తెలుగుతో పడేది కాదు. కంప్యూటర్‌లో ఒత్తులు విడిపోయి పక్కన పడేవి. అంతకు నెల ముందే ఒక పెద్దాయన రాయి మీద "రత్నమ్మ భర్త" కాస్తా వేరే ఏదో అయి, ఆ కుటుంబం షెడ్డుకొచ్చి గొడవపడి పోయింది. జీవరత్నం వచ్చాక పద్ధతి మార్చారు. అంచులు, పూలు మిషను చేస్తుంది, అక్షరాలు ఆయన చెక్కుతాడు. మధ్యాహ్నం ముగ్గురూ కలిసి తింటారు. భన్వర్‌లాల్ జొన్నరొట్టెను మెచ్చుకుని, తమ ఊళ్లో సజ్జరొట్టె ఇంకా బాగుంటుందనేవాడు. అట్లా అనేవాడు ఏ ఊళ్లో ఉన్నా పరాయివాడేనని జీవరత్నానికి తెలుసు. పోలాండులో రొట్టె తిన్నప్పుడల్లా ఆయన కూడా అదే అనేవాడు.

అయిదో నెలలో సంఘం మళ్లీ మీటింగు పెట్టింది. ఊళ్లో ఒక కొత్త నాయకుడు తయారయ్యాడు. పెద్ద ఊళ్లలో అందరూ చేస్తున్నారని, ఆళ్లగడ్డ మాత్రం ఎందుకు వెనకబడాలని, బయటి రాష్ట్రాల పనివాళ్ల లిస్టు రాసి ఇమ్మన్నాడు. లిస్టు ఎందుకని గురుస్వామి అడిగాడట. "ముందు లిస్టు ఉండాల. ఎందుకో తర్వాత చూస్తాం" అన్నాడట నాయకుడు. మీటింగులో తీర్మానాన్ని బలపరచడానికి గొంతున్న మనిషి కావాలి. గురుస్వామికి జీవరత్నం గుర్తొచ్చాడు.

"అప్పుడు నువ్వు మాట్లాడినట్ల ఇంగొకరికి రాదు రత్నం. ఇంగ ఇప్పుడు ఫారిన్ గూడా చూసొచ్చినావు" అని మైకు చేతికిచ్చాడు.

వెనక వరుసలో మాబు సాహెబ్, అతని పక్కన భన్వర్‌లాల్ ఉన్నారు. భన్వర్‌లాల్‌కు తెలుగు అంతగా రాదు, అందరూ చప్పట్లు కొడితే తానూ కొడదామని సిద్ధంగా ఉన్నాడు. జీవరత్నం మైకును ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నాడు.

"రాయండప్పా లిస్టు. మొదటి పేరు నాది రాయండి" అన్నాడు చివరికి.

"నీదెందుకు?"

"నాది నంద్యాల. ఆళ్లగడ్డ కాదు. పదహారేళ్ల నుంచి రోజూ బస్సెక్కి వచ్చి మీ పని మీరు చేసుకోకుండా చేస్తాండా."

జనం నవ్వారు. ఆయన నవ్వలేదు.

"గురుస్వామన్నా, మీ తాత యాడి నుంచి వచ్చినాడు? పోరుమామిళ్ల అని నువ్వే చెప్పినావు. నీ పేరు రెండోది. నేను ఆ పొద్దు ఈడ నిలబడి పంపిచ్చేయాల అన్నా. చప్పట్లు గొట్టినారు, బాగనే అనిపిచ్చ. ఇప్పుడు నన్ను ఒక దేశం లిస్టులో పెట్టుకోని చూస్తాంది. ఏ తప్పుకో చెప్పదు, ఎప్పటికి తేలుస్తాదో చెప్పదు. పొద్దున లేసి ఫోను చూసుకునేదే పని. అది ఎట్లుంటాదో నాకు తెల్సు. భన్వర్‌లాల్‌కు తెలీదు, పాపం చప్పట్లు గొట్టేకి కూచోనుండాడు."

ఇది సినిమా అయితే ఇక్కడ అందరూ కన్నీళ్లు తుడుచుకుని తీర్మానాన్ని చించేయాలి. ఆళ్లగడ్డ కాబట్టి పది నిమిషాలు పోరుమామిళ్ల నుంచి ఎవరి తాత ముందు వచ్చాడన్న దాని మీద వాదన జరిగింది. అది తేలక, టీలు వచ్చాయి. తీర్మానాన్ని వచ్చే మీటింగుకు వాయిదా వేశారు. వచ్చే మీటింగు ఇప్పటిదాకా జరగలేదు. కొత్త నాయకుడు ఈ మధ్య వేరే పార్టీలోకి మారే పనిలో ఉన్నాడు, తాను ఏ లిస్టులోకి వస్తాడో చూసుకుంటున్నాడు. ఇద్దరు సభ్యులు మాత్రం జీవరత్నంతో మాట్లాడటం మానేశారు. విదేశం పోయొచ్చి తలకెక్కిందని వాళ్ల అభిప్రాయం.

ఆ మర్నాటి నుంచి జీవరత్నం తండ్రి రాయి మొదలుపెట్టాడు. అప్పటిదాకా రోజూ రేపనుకుంటూ వచ్చిన పని అది. ఆ రాయి అయిపోతే తాను నంద్యాలలో ఉండటానికి కారణం మిగలదని, కారణం లేకుండా ఉండటం మరీ అవమానమని లోలోపల అనుకున్నట్టున్నాడు. నల్లరాయి ఎంచుకున్నాడు. శాంతయ్య పేరు, కింద రెండు సంవత్సరాలు, చిన్న గంట బొమ్మ. గంటను మిషను మీద చేస్తానని భన్వర్‌లాల్ అన్నాడు. వద్దన్నాడు. చెక్కేటప్పుడు మాత్రం చేతికి మామూలుగా ఉండే ఒడుపు లేదు, 'శాంతయ్య'లో య ఒత్తు దగ్గర రెండుసార్లు ఆగి బయటికి పోయి నిలబడ్డాడు. ఎన్నో వందల పేర్లు చెక్కిన చెయ్యి. మూడోరోజు పొద్దున వచ్చేసరికి రాయి నాలుగు అంచులూ అద్దంలా నునుపుదేరి ఉన్నాయి. భన్వర్‌లాల్ ముందుగానే వచ్చి చేతితో రుద్దిపెట్టాడు. ఆ పని చేయమని ఎవరూ చెప్పలేదు.

ఏడో నెలలో వీసా జవాబు వచ్చింది. కవరును ప్రసన్నకుమారి చింపింది. లోపల అచ్చువేసిన ఫారం, దాని మీద కారణాలు వరసగా ఉన్నాయి, ఒకదానికి ఎదురుగా గుర్తు పెట్టారు. ఆమె ఇంగ్లీషును కూడబలుక్కుని చదివింది.

"నువ్వు తిరిగి ఇండియాకు వస్తావని వాళ్లకు నమ్మకం లేదంట."

"నేను యాడుండా ఇప్పుడు?"

"మంచం మీద ఉండావు."

"మంచం యాడుంది?"

"నంద్యాలలో ఉందిలేవయ్యా, నా మీద అరుస్తావెందుకు? నేనా రాసింది?" అంది ఆమె. పోవాలని ఆమె ఎన్నడూ అనలేదు, పోవద్దనీ అనలేదు. "పోతే పోతాడు, ఉంటే ఉంటాడు, ఏదో ఒకటి తేలితే చాలు" అని పక్కింటివాళ్లతో అనేది. ఆ రోజు ఆమె ఫారాన్ని మడిచి బైబిల్లో పెట్టి, గోస్పాడుకు టైమవుతోందని ఆటో కోసం పరిగెత్తింది. పిల్లలను తూచే రోజు అది.

మొయినుద్దీన్ వచ్చి, పునఃపరిశీలనకు పెట్టొచ్చన్నాడు. పెట్టారు. యార్డు యజమాని ఒక ఉత్తరం పంపాడు. ఇంకో ఉత్తరం జిబ్బన్న సొంతంగా రాసి పంపాడు. ఈ మనిషి లేకపోతే మా ఊరి చచ్చిపోయినవాళ్ల పేర్లు తప్పుల తడకలవుతాయని అందులో ఉందట. తాను వేసిన ఓటుకూ తాను రాసిన ఉత్తరానికీ మధ్య జిబ్బన్నకు ఏ ఇబ్బందీ కనిపించలేదు. రెండో జవాబు ఒకటిన్నర నెలకు వచ్చింది. మొదటి జవాబే, తేదీ మాత్రం కొత్తది. మొయినుద్దీన్ ఓదార్చి, బోర్డు మీద మిగతా ఎనిమిది జెండాలు చూపించాడు. జీవరత్నం మెట్లు దిగి వచ్చేశాడు.

ఇప్పుడు ఆయన సోమవారం నుంచి శనివారం దాకా ఆళ్లగడ్డ షెడ్డులో ఉంటాడు. సెలవు అయిపోయిందని ఆయన అనడు, ప్రసన్నకుమారి కూడా అనదు. ఇంట్లో పెట్టె మాత్రం అటక ఎక్కింది. చలికోటు ఎండలో వేసి మడిచి, అందులో కలరా ఉండలు వేసింది ఆమె. కలరా ఉండలు వేసిన బట్ట ఈ ఏడాది కట్టేది కాదని ఆ ఇంట్లో అందరికీ తెలుసు.

మొన్న మధ్యాహ్నం షెడ్డులో ఉండగా జిబ్బన్న వీడియో కాల్ చేశాడు. వెనకాల గోడ నిండా తెల్ల టైల్సు.

"యాడన్నా అది? యార్డు మాదిరి ల్యా."

"జర్మనీ జీవా. బాత్రూము."

సంగతేమంటే, కాగితాల తనిఖీలో రెండు యార్డుల బయటి పనివాళ్లు అందరూ దేశం వదిలి వెళ్లాల్సి వచ్చింది. నవంబరు ఒకటిన ఆ దేశమంతా సమాధుల దగ్గరికి పోతుంది, దానికి ముందు వచ్చే పనే ఏడాదికి ప్రాణం. ఈసారి ఆ పని చేసే చేతులు లేక ఆర్డర్లు వెనక్కి పోయాయి. యజమాని ఒక షిఫ్టు మూసేశాడు. ఆ షిఫ్టు ఫోర్‌మాన్ జిబ్బన్నే. యాభై రెండేళ్ల వయసులో సరిహద్దు దాటి, మళ్లీ టైల్సు పరచడానికి పోయాడు.

"ఆడ బాగుందా?" అన్నాడు జీవరత్నం.

"పని బాగుంది. కానీ ఇక్కడ కూడా ఎన్నికలు వస్తున్నాయి. వీళ్ల మాటలు చూస్తే నాకు బాగనిపించడం లేదు" అన్నాడు జిబ్బన్న. అతని చెవులు ఎర్రగా ఉన్నాయి. "నేనేం చేశాను వీళ్లకు?"

ఎత్తిపొడవడానికి అంతకంటే మంచి సమయం మనిషి జన్మలో రెండోసారి రాదు. ఆ సమయాన్ని జీవరత్నం వదిలేశాడు. ఉలిని పక్కన పెట్టి, ఫోనును రాయికి ఆనించి, వచ్చీరాని ఇంగ్లీషులో నిదానంగా చెప్పాడు. ఉద్యోగం కాగితం ఎప్పుడూ దగ్గర ఉంచుకోమన్నాడు. ఇంటద్దె కాగితం పారేయొద్దన్నాడు. ఎవరి చావుకు పోవాల్సి వచ్చినా సరే, స్టాంపును నమ్మి సరిహద్దు దాటొద్దన్నాడు. మీరూ వాళ్లూ ఒకే యూరప్ కదా, నీకు ఆ బాధ ఉండదేమో, అయినా అడిగి కనుక్కో అన్నాడు. జిబ్బన్న ఒక కాగితం మీద అన్నీ రాసుకున్నాడు.

ఫోను పెట్టేశాక మాబు సాహెబ్ అడిగాడు.

"యాడి నుంచి రత్నం?"

"జర్మనీ."

"జర్మనీలో గూడా మనోళ్లు ఉండారా?"

జీవరత్నం ఉలి అందుకున్నాడు.

"ఉండాడన్నా ఒకడు" అన్నాడు.